కత్తెర మేడం క్రియలు

అత్తగారి నోరు పడిపోతే బాగుండునని మనసులో అనుకునే కోడళ్ళు ఎంతమంది లేరు! ఈ కోడలు కూడా పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు అనుకునే ఉంటుంది, అబద్ధమెందుకు? తీరా ఆ నోరు నిజంగా పడిపోయాక, దాన్ని తిరిగి తెప్పించడానికి ఆవిడ ఎక్కని మెట్టు లేదు, పట్టుకోని కాళ్ళు లేవు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కన్నకూతురైనా ఇంత చెయ్యదని కొందరు, అతి చేస్తోందని ఇంకొందరు అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది.

అత్తగారు ఒక భాషల బడిలో ఫ్రెంచి టీచరు. తలలు నెరిసిన గుమాస్తాల నుంచి కాలేజీ పిల్లల దాకా ఆవిడ దగ్గర చదవనివాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ. వెనకాల అందరూ ఆవిడని కత్తెర మేడం అనేవారు. పాఠం చెబుతున్నంతసేపూ చూపుడువేలూ నడిమివేలూ కత్తెరలా ఆడిస్తూ గాలిలో మాటల్ని కోస్తూ ఉండేది మరి.

"క్రియని రెండు రకాలుగా కొయ్యాలర్రా. ఒక కోత బుర్రకి, ఒక కోత నోటికి. రెండూ కలిపేశారో, మీ పని అంతే," అనేది. మాట్లాడతాం అని చెప్పడానికి ఫ్రెంచిలో పర్లోఁ అంటారు. ఆ మాటని ఆవిడ బోర్డు మీద రెండు రంగుల సుద్దతో రాసేది. తెల్లసుద్దతో పర్ల్, ఎర్రసుద్దతో ఓఁ. తెల్లది వేరు, ఎర్రది తోక. ఏం పని చేస్తున్నారో వేరు చెబుతుంది, ఎవరు ఎప్పుడు చేస్తున్నారో తోక చెబుతుంది. ఓఁ తీసి ఏ పెడితే పర్లే, మీరు మాట్లాడతారు అని. అది బుర్ర కోత. తర్వాత సుద్ద పక్కన పెట్టి బల్ల మీద అరచేత్తో చరిచేది. పర్, ఒక దెబ్బ. లోఁ, ఇంకో దెబ్బ. నోరు ఎక్కడ విరుచుకుంటే అక్కడ కొయ్యాలి, అది నోటి కోత.

వినడానికి ఇంతే. కానీ ఈ రెండు కోతలూ చివరిదాకా తేడా తెలియని మొద్దు ఒకతె ఆ తరగతిలో మూడో వరసలో కూర్చునేది. వేరూ తోకా విడదీయమంటే నోటి కోత కోసేది, నోటి కోత కొయ్యమంటే వేరు పీకి చేతిలో పెట్టేది. ఆ అమ్మాయిని కత్తెర మేడం పరీక్షలో తప్పించింది. తప్పించిన చేత్తోనే, ఆ ఏడాది తిరక్కుండా, తన కొడుక్కి అడిగి చేసుకుంది. "క్రియలు కొయ్యడం రాదు గానీ కబుర్లు చెబుతుంది. మా ఇంట్లో వాడు నోరు విప్పడు, నాకు మాట్లాడే మనిషి కావాలి," అని పెళ్ళిమాటల్లో అందరి ముందూ అనేసింది.

అన్నట్టే అయింది. కొడుకు యంత్రాల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగి. పొద్దున వెళ్ళొస్తానంటాడు, సాయంత్రం వచ్చానంటాడు. ఆ రెండింటి మధ్యా ఇంట్లో ఉన్న మాటంతా ఈ ఇద్దరిదే. కూరగాయలు తరుగుతూ మాట్లాడుకునేవారు, బట్టలు మడతపెడుతూ దెబ్బలాడుకునేవారు, మూతి ముడుచుకుని గదుల్లోకి వెళ్ళి, మళ్ళీ టీ నీళ్ళు మరిగేసరికి ఒకచోట చేరేవారు. పిల్లలు లేరు. కోడలికి పుట్టింటి వైపు కూడా ఎవరూ మిగల్లేదు. ఆవిడకి లోకంలో పలకరింపు అంటూ ఉంటే అది ఆ ఒక్క గొంతే.

ఆ గొంతు ఒక ఉదయం టీ కప్పుతో పాటు నేల మీద పడింది. మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి పోయింది, కుడికాలు సగం పోయింది, మాట మొత్తం పోయింది.

ఆసుపత్రి నుంచి రిహాబ్ కేంద్రానికి మార్చారు. పొడుగాటి వరండా, వరండాకి ఒకవైపు గదులు, ప్రతి గది బయటా ఒక చక్రాల కుర్చీ. గోడకి నడుం ఎత్తులో చెక్కకమ్మి బిగించి ఉంది, దాన్ని పట్టుకుని నడక మర్చిపోయినవాళ్ళు నడక నేర్చుకుంటూ ఉంటారు. మాట మర్చిపోయినవాళ్ళకి మాత్రం పట్టుకోవడానికి కమ్మి లేదు.

"మీరు చెప్పేదంతా ఆవిడకి అర్థమవుతుందండీ," అంది స్పీచ్ థెరపిస్టు మొదటిరోజే. చిన్నపిల్ల, కళ్ళజోడు పెట్టుకుని పెద్దరికం తెచ్చుకుంది. "బుర్ర శుభ్రంగా ఉంది. చెప్పాలనుకున్నది కూడా లోపల ఉంటుంది. దాన్ని నోటిదాకా తెచ్చే దారి తెగిపోయింది, అంతే."

"అంతే అంటారేంటి మేడం! మా అత్తయ్యకి అదే కదా అంతా!" అంది కోడలు.

ఆ కేంద్రంలో ఒక నియమం ఉంది. మాట వార్డులో పడకలు తక్కువ, బయట ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. అందుకని నెలాఖరుకి సమీక్ష పెడతారు. రోగి సొంతంగా, అర్థం తెలిసి, ఒక్క మాటైనా పలికితే పడక ఉంచుతారు. పలక్కపోతే ఇంటికి పంపేసి, ఆ పడక తర్వాతివాళ్ళకి ఇస్తారు. ఇంటికి వెళ్ళాక మాట రావడమంటూ ఉండదని వరండాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. కోడలికి ఈ సంగతి తెలిసిన పూట గుండెల్లో రాయి పడింది, అది ఇక అక్కడినుంచి కదల్లేదు.

థెరపిస్టు తనకి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. అంకెలు లెక్కపెట్టమంది, వారాల పేర్లు చెప్పమంది, పాట అందుకోమంది. అత్తగారు నోరు తెరిచేది, మెడ నరాలు పొంగేవి, గొంతులోంచి ఊఁ అనే ఒక్క శబ్దం వచ్చేది. తర్వాత సిగ్గుతో మొహం అటు తిప్పుకునేది. అన్నేళ్ళు అందరి ఉచ్చారణా సరిదిద్దిన మనిషి, పళ్ళకి నాలుక తగిలించడం ఎలాగో ఒక చిన్నపిల్ల దగ్గర అద్దంలో చూసి నేర్చుకుంటోంది.

ఒక మధ్యాహ్నం పక్క మీద దుప్పటి మారుస్తూ, ఏం మాట్లాడాలో తోచక, కోడలు గొణుక్కుంది. "అప్పట్లో మీరు మమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టేవారు అత్తయ్యా, పర్లోఁ, పర్లే అనలేక చచ్చేవాళ్ళం." అని తలెత్తి చూస్తే, దుప్పటి మీద అత్తగారి ఎడమచెయ్యి కదులుతోంది. రెండు వేళ్ళు తెరుచుకుని, మూసుకుని, మళ్ళీ తెరుచుకున్నాయి. గాలిలో దేన్నో కోస్తున్నాయి.

అంతే, కోడలికి పూనకం వచ్చినట్టయింది. ఇంటికి పరిగెత్తి, అత్తగారి క్రియల పుస్తకం అట్టలూడిపోయేలా పట్టుకొచ్చింది. దళసరి కాగితం కొని కార్డులు కత్తిరించింది. ఒక్కో కార్డు మీద ఒక్కో క్రియ. ఏడుపుగొట్టు క్రియలన్నీ తీసి అవతల పారేసింది. చావడం వద్దు, పోగొట్టుకోవడం వద్దు, వదిలెయ్యడం వద్దు. మాట్లాడటం, పాడటం, నడవడం, తినడం, ప్రేమించడం, ఇలాంటి మంచి మంచివన్నీ ఏరుకుంది. ఏరుకున్నవాటిని అత్తగారు బోర్డు మీద రాసినట్టే నల్లసిరా వేరూ, ఎర్రసిరా తోకా, మధ్యలో గీతా పెట్టి రాసింది. పరీక్ష రాసిన రోజు కూడా అంత శ్రద్ధగా రాసి ఉండదు.

మర్నాడు మొదటి కార్డు చూపించింది. "పర్ల్," అని గీత దగ్గర ఆగింది.

అత్తగారి పెదాలు కదిలాయి. ప, ర, ఆ తర్వాత నాలుక పళ్ళ వెనక అతుక్కుపోయింది. పర్లోఁలో పర్ల్ దగ్గర నోరు ఆగే చోటే లేదు. ముందుకు పోలేక, వెనక్కి రాలేక, ఆవిడ గొంతు గుర్రుమంది. పెదవి చివర్నుంచి ఉమ్మి కారింది. కోడలు తుడిచి, ఇంకోసారి అత్తయ్యా అంది. ఇంకోసారీ అంతే. షాఁత్ అని పాడటం కార్డు పెట్టింది, మర్ష్ అని నడవడం కార్డు పెట్టింది. అన్నిచోట్లా నోరు గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. కొన్నాళ్ళు అదే వరస. నెల ఇసకలా కారిపోతోంది, ఒక్క కార్డూ దాటలేదు. కోడలు వరండాలోకి వెళ్ళి గోడకి తల ఆనించి నిలబడేది. నర్సులు పక్కకి తప్పుకుని వెళ్ళేవారు.

థెరపిస్టుకి ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. అయినా ఒకరోజు కార్డు తీసుకుని తిప్పి చూసి, "ఈ గీత ఇక్కడెందుకు పెట్టారండీ? ఇక్కడ నోరు ఆగదు కదా," అంది.

కోడలు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఏ తప్పుకైతే పరీక్ష తప్పిందో, ఇన్నేళ్ళ తర్వాత, ఇంత చావుబతుకుల మీద కూడా, అదే తప్పు చేసింది. నోటికి కావలసినచోట బుర్ర కోత కోసింది. అత్తగారు మంచం మీంచి అంతా చూస్తోంది. నోరుంటే మొద్దూ అని ఉండేది.

గీతలన్నీ కొట్టేసి మళ్ళీ రాసింది. కార్డు పక్కన పెట్టి, అత్తగారి ఎడమచెయ్యి పట్టుకుని బల్ల మీద చరిచింది. "పర్." ఇంకో దెబ్బ. "లోఁ."

"ప... ర్," అంది అత్తగారు. చెయ్యి పడింది. "లోఁ."

ఆ శబ్దం వంకరగా ఉంది, తడిగా ఉంది, ముక్కుతో పలకాల్సింది గొంతుతో పలికింది. కోడలికి అంతకన్నా అందమైన శబ్దం తన జన్మలో విన్న గుర్తు లేదు. ఆవిడ అత్తగారి ఒళ్ళో తల పెట్టి భోరుమంది. పైన ఆ చెయ్యి బల్ల మీద ఇంకా కొడుతూనే ఉంది. పర్, లే. షాఁ, తోఁ. షాఁ, తే. ఒకటి కదిలాక మిగతావన్నీ వాటంతటవే దొర్లుకొచ్చాయి. ఏళ్ళతరబడి రోజూ వల్లించిన వరసలు, దెబ్బకొక ముక్క చొప్పున, గది నిండా.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి తల్లి వల్లిస్తూ ఉంది. చేతిలో సంచీ గుమ్మంలోనే జారవిడిచి, "అమ్మ మాట్లాడుతోంది!" అన్నాడు. ఆ మనిషి అంత గట్టిగా అరవడం కోడలు వినడం అదే మొదలు.

"మాట్లాడటం లేదండీ," అంది థెరపిస్టు. "వల్లిస్తున్నారు. రెండూ వేరు." బల్ల మీది నీళ్ళగ్లాసు తీసి చూపించింది. "ఇదేంటో చెప్పండమ్మా."

అత్తగారు గ్లాసు వంక చూసింది. అదేంటో ఆవిడకి తెలుసు, దాహం కూడా వేస్తోంది, కళ్ళలో కనిపిస్తోంది. నోరు తెరిచింది. "పర్లోఁ," అంది. తనకే అసహ్యం వేసినట్టు తల విదిలించి మళ్ళీ ప్రయత్నించింది. "పర్లోఁ. పర్లే." నీళ్ళు కావాలంటే మాట్లాడతాం అని వచ్చింది. గ్లాసుని ఎడమచేత్తో నెట్టేసింది. నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి.

సమీక్ష దగ్గరపడింది. వల్లించడం లెక్కలోకి రాదు. సొంతమాట కావాలి. కోడలు ఇక మనిషిలా లేదు. తిండి మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది, మొగుడు ఏదైనా అడిగితే కార్డుల్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేది. ఈసారి బుర్ర కోత పట్టుకుంది. వేర్లు ఒక కట్ట, తోకలు ఒక కట్ట విడివిడిగా కత్తిరించింది. ఒక వేరు చేతికిచ్చి, దానికి ఏ తోక తగిలించాలో అత్తగారినే వెతకమనేది. ఎవరో అతికించి పెట్టింది అప్పజెప్పడం కాకుండా, ఆవిడే అతికించి పలికితే అది సొంతమాటే కదా అని లెక్క. లెక్క బాగానే ఉంది. అత్తగారి బుర్రకే ఓపిక లేదు.

పొద్దున్నే మొదలుపెట్టేది. మొహం కడుగుతూ ఒక వేరు, తల దువ్వుతూ ఒక వేరు. వ్యాయామం గది నుంచి అలిసిపోయి వస్తే కుర్చీలో కూర్చోకముందే ఒక వేరు. చివరికి తిండి దగ్గర కూడా పట్టుకుంది. సూపు చెంచాలోకి తీసి, పెదాల దగ్గరదాకా తెచ్చి ఆపేది. "తోక చెప్పండి అత్తయ్యా. చెబితే పెడతాను. ఒక్కటి చెప్పండి, మీకు దణ్ణం పెడతాను." అత్తగారు చెంచా వంక, కోడలి మొహం వంక మార్చి మార్చి చూసేది. కోపంతో కాదు. ఈ పిల్లకి ఏమైందీ అన్నట్టు చూసేది. సూపు చల్లారిపోయేది. కొన్నాళ్ళకి చెంచా దగ్గరికొస్తేనే పెదాలు బిగించెయ్యడం మొదలుపెట్టింది.

"మీరు కొంచెం విశ్రాంతి తీసుకోండి, ఆవిడనీ తీసుకోనివ్వండి," అంది థెరపిస్టు భయపడి.

"మీకేం మేడం, మీరు సాయంత్రం ఇంటికెళ్తే అక్కడ మిమ్మల్ని పలకరించే వాళ్ళుంటారు. మా ఇంట్లో ఎవరున్నారు?" అని కోడలు ఆ పిల్ల మీద విరుచుకుపడింది. మొగుడు అక్కడే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

సమీక్ష రోజు వచ్చింది. పొడుగాటి బల్లకి అటు పెద్ద డాక్టరు, ఆయన పక్కన ఇంకో ఇద్దరు, చివర్న థెరపిస్టు. బల్లకి ఇటు చక్రాల కుర్చీలో అత్తగారు, వెనకాల కొడుకు, పక్కన నేల మీద మోకాళ్ళ మీద కోడలు. కుర్చీ వేస్తే వద్దంది. పెద్ద డాక్టరు మంచివాడు, పలచగా నవ్వే మనిషి. రోజూ ఇలాంటివాళ్ళని ఎంతమందినో ఇంటికి పంపించాల్సి రావడం వల్ల ఆ నవ్వు అలా పలచబడి ఉంటుంది.

పెన్ను చూపించి ఇదేంటమ్మా అన్నాడు. "పర్లోఁ," అంది అత్తగారు. కొడుకుని చూపించి ఈయనెవరమ్మా అన్నాడు. "షాఁతోఁ." మీకేం కావాలమ్మా అన్నాడు. అత్తగారు చాలాసేపు నోరు తెరిచి ఉంచి, "పర్లే," అని తల వాల్చేసింది. డాక్టరు పక్కవాళ్ళ వంక చూశాడు. వాళ్ళు తలూపారు. థెరపిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"క్షమించండి," అన్నాడు డాక్టరు. "మీరు చెయ్యగలిగిందంతా చేశారు."

కోడలు ఆ మాట విననట్టే అత్తగారి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. గట్టిగా పట్టుకుంది, అవసరమైనదానికన్నా గట్టిగా. "అత్తయ్యా, ఒక్కటి. మీకు పుణ్యముంటుంది, ఒక్కటి చెప్పండి. ఏదైనా సరే. నన్ను తిట్టండి. మొద్దు అనండి. మీరిలా ఉండిపోతే ఆ ఇంట్లో నేనెలా బతకను? చెప్పండి అత్తయ్యా, చెప్పండి, చెప్పండి!" అంటూ ఊపేసింది. కొడుకు వంగి ఆమె భుజం పట్టుకుని లాగాడు. ఆమె రాలేదు.

అప్పుడు అత్తగారి ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద పడింది. ఒక దెబ్బ.

"లె."

ఇంకో దెబ్బ.

"సే."

అత్తగారు కోడలి కళ్ళలోకి సూటిగా చూస్తూ, మూడో దెబ్బ కొట్టి, "మ్వా," అంది.

థెరపిస్టు ఎగిరి లేచింది. "సార్, ఇది కార్డుల్లో లేదు! ఈ మాట నేనెప్పుడూ వినలేదు. ఆవిడ మొహం చూసి అన్నారు, చూశారా? ఏవండీ, దాని అర్థం ఏంటి?"

కోడలికి అర్థం తెలుసు. తను ఏరి పారేసిన క్రియల్లో ఉంది అది. తను పొరపాటున కూడా అత్తగారి ముందు పలకని క్రియ. దాని వేరుని అత్తగారు తన లోపలెక్కడో వెతికి తవ్వుకుంది. తోక తగిలించుకుంది. నన్ను అనే మాట పక్కన చేర్చుకుంది. నోటికి పట్టే చోట కోసుకుని బయట పెట్టింది. రెండు కోతలూ ఎక్కడా తప్పలేదు.

"ఏమ్మా?" అన్నాడు డాక్టరు.

"నేర్పించండి," అంది కోడలు. "నాకు నేర్పించండి అంటున్నారు."

గది మొత్తం ఒక్కసారి గాలి పీల్చుకుంది. డాక్టరు మొహం విచ్చుకుంది. "భేష్! ఇంకేం కావాలి? తప్పకుండా నేర్పిస్తామమ్మా!" అన్నాడు. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడుకు జేబురుమాలు తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అత్తగారు కోడలి వంక చూసింది. చెప్పింది ఆవిడకి అర్థమవుతుంది, ఆ సంగతి మొదటిరోజే చెప్పారు. ఆ చూపుని కోడలు తట్టుకోలేక తల దించుకుంది. పైనుంచి మళ్ళీ చప్పుడు వినిపించింది, ఈసారి గట్టిగా.

"లె-సే-మ్వా!"

"ఆహా, చూడండి పట్టుదల! మళ్ళీ అనండమ్మా!" అన్నాడు డాక్టరు.

"లె-సే! లె-సే-మ్వా!" ఆవిడ కుర్చీ చేతిని బాదుతోంది. మందబుద్ధి పిల్లలకి చెప్పినట్టు ముక్కముక్క విరిచి, ఒక్కొక్కరి మొహంలోకి తిరిగి తిరిగి చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడుతున్నాయి. ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా పడుతున్నాయి. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారడం చూసి ఆనందబాష్పాలు అన్నారెవరో. ఇన్నాళ్ళకి దొరికిన ఒకే ఒక్క మాట, అదీ ఎవరికీ అర్థం కావడం లేదు. అర్థమైన ఒక్క మనిషీ దాన్ని నోట్లోంచి లాక్కుని ఇంకో మాట పెట్టేసింది.

"ఆపండి!" అని కోడలు కేక పెట్టింది. "చప్పట్లు ఆపండి! నేను అబద్ధం చెప్పాను. నేర్పించమని కాదు. నన్ను వదిలెయ్యండి అంటున్నారు. వదిలెయ్యండి, వదిలెయ్యండి అని మొత్తుకుంటున్నారు."

అత్తగారి చెయ్యి ఆగింది. ఆవిడ మెల్లగా కుర్చీలో వెనక్కి వాలింది.

ముందు తేరుకున్నది పెద్ద డాక్టరే. "అంటే, తను ఏమంటున్నారో తెలిసే అంటున్నారన్నమాట."

"తెలిసే అంటున్నారు."

"కార్డుల్లో లేని మాట సొంతంగా కూర్చుకున్నారు."

"కూర్చుకున్నారు."

"అయితే ఇంక సందేహమేముంది?" అని ఆయన పెన్ను మూత తీశాడు. "వద్దనడం కూడా మాటే. అలసటలో చాలామంది అలాగే అంటారు, మనం పట్టించుకోకూడదు. పడక ఉంచుతాం. రేపు పొద్దున్నుంచి రెండుపూటలా మొదలుపెట్టండి. ఇలాంటివాళ్ళకి మాట తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. మీకు సమ్మతమేనా?"

కొడుకు భార్య వంక చూశాడు. "నువ్వే చెప్పు. రోజూ దగ్గరుండేది నువ్వేగా," అన్నాడు. ఆయన గొంతులో ఎప్పుడూ లేని వెలుగుంది.

కోడలికి ఆ క్షణంలో ఒళ్ళంతా ఒకటే కోరిక. ఊఁ అంటే చాలు. రేపు ఇంకో మాట, ఎల్లుండి ఇంకోటి. ఎప్పుడో ఒకరోజు ఆ గొంతు టీలో పంచదార తక్కువైందని సణుగుతుంది, చీర కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టుకోమంటుంది. దానికోసం ఆమె తన ప్రాణమైనా ఇచ్చేది. కానీ ఇవ్వాల్సింది తన ప్రాణం కాదు. కుర్చీలో వాలి ఉన్న ఆ మనిషి దవడ మీద, తను పట్టుకున్నచోట, వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఇంటికి తీసుకెళ్తాం," అంది కోడలు.

"నీకు మతిపోయిందా!" అన్నాడు మొగుడు. "పడక ఇస్తామంటుంటే! మాట వస్తుందంటుంటే!"

"వచ్చింది కదండీ. మీ అమ్మ ఇన్నాళ్ళకి ఒక మాటన్నారు. దాన్ని మనం వినకపోతే, ఇంకో మాట తెప్పించి ఏం చేసుకుంటాం?"

ఆయన అమ్మ వంక చూశాడు. కుర్చీ ముందుకొచ్చి, వంగి, తల్లి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. అక్కడ ఏం కనిపించిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. లేచి, చక్రాల కుర్చీ వెనక్కి వెళ్ళి, పిడి పట్టుకుని తలుపు వైపు తిప్పాడు.

ఆ తర్వాత అత్తగారు ఇంకో రెండు శీతాకాలాలు బతికింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది, పెట్టింది తినేది, కోడలు చెప్పే కబుర్లన్నీ వినేది. ఒక్క మాట మాట్లాడలేదు. కోడలు అడగలేదు. అడగాలని మరీ ప్రాణం కొట్టుకున్నప్పుడు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పక్కన కూర్చునేది.